సమాంతర ఎస్‌ఎస్‌హెచ్ టూల్‌కు హోస్టుల ఎంపిక జోడించడం: పరిధులు, గుంపులు, మినహాయింపులు ఏ పద్ధతిలో ఉండాలి?

మద్దిలపాలెం అడ్మిన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖపట్నం కేంద్రంగా నడిచే ఒక దుకాణాల సంస్థలో నేను సర్వర్ల నిర్వహణ చూస్తున్నాను. భీమిలి నుంచి అనకాపల్లి వరకు మాకు 58 దుకాణాలు ఉన్నాయి. ప్రతి దుకాణంలోనూ బిల్లింగ్‌కు ఒకటి, అది మొరాయిస్తే ఆదుకోవడానికి మరొకటి చొప్పున రెండేసి చిన్న లినక్స్ పెట్టెలు ఉంటాయి. మొదటివాటి పేర్లు బిల్01 నుంచి బిల్58 వరకు, రెండోవాటివి తోడు01 నుంచి తోడు58 వరకు. ఇవి కాక రుషికొండలోని ఆఫీసులో వెబ్ సర్వర్లు పన్నెండు, డేటాబేస్ సర్వర్లు ఎనిమిది, బ్యాకప్ సర్వర్లు నాలుగు ఉన్నాయి. వెరసి 140.

వీటన్నిటి మీద ఒకే కమాండ్‌ను నడపడానికి నాలుగేళ్ల క్రితం పైథాన్‌లో దాదాపు 300 వరుసల స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నాను. దానికి మేము పెట్టుకున్న పేరు 'ఒకేసారి'. హోస్ట్ ఫైలును (మిషన్ల పేర్ల జాబితాను) చదివి, విడతకు 20 కనెక్షన్ల చొప్పున, దూరంలోని మిషన్లలోకి భద్రంగా లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తెరిచి, వచ్చిన అవుట్‌పుట్ ప్రతి వరుస ముందు హోస్ట్ పేరు తగిలించి చూపడమే దాని పని. నడిపించడంలో ఇబ్బంది ఏమీ లేదు. ఇబ్బందంతా ఎవరి మీద నడపాలో చెప్పడంలోనే ఉంది. ఇప్పుడున్నది ఒకే ఒక ఆప్షన్: ఏదైనా ఒక మాట ఇస్తే, హోస్ట్ ఫైలులో ఆ మాట ఉన్న వరుసలను మాత్రమే తీసుకుంటుంది. ఆ ఫైలులో హోస్ట్ పేరు పక్కనే దుకాణం ఉన్న ప్రాంతం కూడా రాసి ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాము. అది చాలని చోట అందరూ ఫైలుకు నకలు తీసి, అక్కర్లేని వరుసలను చెరిపేసి వాడుకున్నారు. నిన్న లెక్కపెడితే అలాంటి నకళ్లు 37 తేలాయి. 'గాజువాక తప్ప', 'గాజువాక తప్ప కొత్తది', 'ఇదే సరైనది' అనే పేర్లతో ఉన్న మూడు ఫైళ్లలో ఏది నిజంగా సరైనదో మాలో ఎవరికీ తెలియదు.

గత నెలలో జరిగిన సంగతి కూడా చెప్పాలి. కొత్తగా చేరిన సహోద్యోగి ఒకరు గోపాలపట్నం దుకాణంలో బిల్లింగ్ సర్వీసును రీస్టార్ట్ చేయబోయి, ఊరి పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారు. ఆ మాటతో ఏ వరుసా కలవలేదు. ఎంపిక ఖాళీగా ఉంటే ఫైలు మొత్తాన్ని తీసుకోవాలని నాలుగేళ్ల క్రితం నేనే ఒక వరుస రాసిపెట్టాను. ఆప్షన్ ఇవ్వకుండా నడిపితే అన్నిటి మీదా నడవడం అప్పట్లో నాకు సౌకర్యంగా తోచింది. శనివారం సాయంత్రం ఏడు గంటలకు, కౌంటర్ల ముందు జనం బారులు తీరి ఉన్న సమయంలో, ఇరవై చొప్పున మూడు విడతలుగా 58 దుకాణాల్లోనూ బిల్లింగ్ ఆగి మొదలైంది. ఆ తప్పు ఆ అబ్బాయిది కాదు, నాది.

అందుకే ఇప్పుడు ఈ భాగాన్ని సక్రమంగా తిరగరాయాలనుకుంటున్నాను. పరిధులు, గుంపులు, మినహాయింపులు, రెండు గుంపుల ఉమ్మడి భాగం అనే నాలుగూ కావాలి. వీటికి ఏ సంజ్ఞలు పెడితే మంచిది, ఒకే ఎంపికలో అన్నీ కలిసి వచ్చినప్పుడు దేనిని ముందు లెక్కించాలి, గుంపుల సమాచారాన్ని ఎక్కడ ఉంచాలి అన్నవి నా సందేహాలు. సిద్ధంగా ఉన్న టూల్ వాడుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ కమాండ్ నడిపారో నమోదు చేసే భాగం మా స్క్రిప్ట్‌లో లోతుగా ముడిపడి ఉంది, ఆడిట్ వారు చూసేది ఆ నమోదునే. కాబట్టి ప్రస్తుతానికి దీనిని వదలలేము.


క్లస్టర్ కాపరి

మీ స్క్రిప్ట్‌ను వదలనక్కర్లేదు గాని, ఈ దారిలో మీకంటే ముందు నడిచినవారు ఎక్కడ ఏమి చేశారో చూసి మొదలుపెట్టడం మేలు. నేను చాలాకాలంగా కంప్యూటింగ్ క్లస్టర్ల మీద పనిచేస్తున్నాను, కాబట్టి నా ఉదాహరణలు అటునుంచే వస్తాయి.

అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో పుట్టిన, అనేక మిషన్ల మీద ఒకేసారి కమాండ్ నడిపే టూల్ అయిన పీడీఎస్‌హెచ్‌లో ఎంపికకు రెండు వేర్వేరు ఆప్షన్లు ఉంటాయి: -డబ్ల్యూ తరువాత కావలసినవి రాస్తాము, -ఎక్స్ తరువాత వద్దన్నవి రాస్తాము. వెబ్[01-07,09-12] అని చదరపు బ్రాకెట్లలో పరిధిని ఇస్తే అది పదకొండు పేర్లుగా విచ్చుకుంటుంది. టోపీ గుర్తు (^) పెట్టి ఫైలు పేరు ఇస్తే జాబితాను ఆ ఫైలు నుంచి తీసుకుంటుంది. ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సీఈఏలో తయారైన, అదే తరహా టూల్ అయిన క్లస్టర్‌షెల్ ఇంకొక అడుగు ముందుకు వేసి, కామాను కలయికకు, ఆశ్చర్యార్థకాన్ని (!) తీసివేతకు, ఆంపర్‌సాండ్‌ను (&) ఉమ్మడి భాగానికి, టోపీ గుర్తును ఏదో ఒక గుంపులో మాత్రమే ఉన్నవాటికి కేటాయించింది; గుంపు పేరు ముందు @ ఉంటుంది. అది స్వయంగా పైథాన్ లైబ్రరీ కూడా. కాబట్టి మీ నమోదు భాగాన్ని ముట్టుకోకుండా, పేర్లను విచ్చే పనిని, మడిచే పనిని మాత్రమే దాని నోడ్‌సెట్ అనే భాగానికి అప్పగించవచ్చు. నేనైతే అదే చేస్తాను. పరిధులను విచ్చే కోడ్ చూడటానికి ఇరవై వరుసల పనిలాగే కనిపిస్తుంది, కాని అందులో ముళ్లు చాలా ఉన్నాయి.

ఆ ముళ్లలో మొదటిది ముందు వచ్చే సున్నా. [01-12] అంటే 01 నుంచి 12. [1-12] అంటే 1 నుంచి 12. మీ పేర్లలో బిల్01 ఉంది, బిల్1 లేదు. పైథాన్‌లో అంకెను సంఖ్యగా మార్చిన క్షణమే ఆ సున్నా ఎగిరిపోతుంది, కనుక వెడల్పును విడిగా గుర్తుపెట్టుకుని తిరిగి అతికించాలి. ఇదే పని, మనం టైపు చేసే కమాండ్లను అందుకునే షెల్ అయిన బాష్ గణితంలో చేయబోతే 08ను అష్టాంశ (0 నుంచి 7 వరకు అంకెలే ఉండే) సంఖ్యగా చదివి, అది చెల్లదని చేతులెత్తేస్తుంది. 07 వరకు బాగానే నడిచి 08 దగ్గర ఆగిన స్క్రిప్ట్‌లను నేను ఒకటికి రెండు సార్లు చూశాను. రెండో ముల్లు బహుళ పరిధులది: ర్యాక్[1-3]నోడ్[01-16] అంటే 48 పేర్లు, చూపుకు ఎంతో చిన్న మాట. చివరి సంఖ్యలో సున్నాలు ఎక్కువ పడితే మెమరీ నిండేదాకా పేర్లు తయారుచేస్తూ కూర్చోకుండా ఒక గరిష్ఠ పరిమితి పెట్టండి.

ఇక అసలు విషయం. ఎంపికను, అమలును ఒకే ప్రవాహంలో ఉంచవద్దు. ఎంపిక భాగం ఒక ప్రత్యేకమైన ఫంక్షన్‌గా ఉండి, మీరు రాసిన మాటలను తీసుకుని పేర్ల సమితిని మాత్రమే తిరిగి ఇవ్వాలి; దానికి ఎస్‌ఎస్‌హెచ్ అనేది ఒకటుందని కూడా తెలియకూడదు. అలా విడదీస్తే, ఏమీ నడపకుండా ఎవరెవరు ఎంపికయ్యారో చూపే ఆప్షన్ దానంతట అదే వచ్చేస్తుంది. పీడీఎస్‌హెచ్‌లో -క్యూ చేసే పని అదే, సర్వర్ల అమరికలను నిర్వహించే టూల్ అయిన యాన్సిబుల్‌లో హోస్టుల జాబితా చూపే ఆప్షన్ కూడా అదే. చూపేటప్పుడు 57 పేర్లను వరుసగా కుమ్మరించకుండా మడిచి చూపండి. బిల్[01-16,18-58] అని కనబడితే 17 జారిపోయిందని కన్ను వెంటనే పట్టుకుంటుంది. అదే 57 వరుసల జాబితాలో మీరు ఎంత జాగ్రత్తగా చదివినా పట్టుకోలేరు.

ఖాళీ ఎంపిక గురించి మీరు ఇప్పటికే తగిన మూల్యం చెల్లించారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఎంపిక ఇవ్వకపోవడం ఒక పరిస్థితి, ఇచ్చిన ఎంపిక ఖాళీ కావడం మరొక పరిస్థితి. రెండింటిలోనూ టూల్ ఆగిపోవాలి. అన్నీ కావాలంటే 'అన్నీ' అని మనిషే రాయాలి. పదికి మించి హోస్టులు ఎంపికైతే సంఖ్యను టైపు చేయమని అడగండి. అవును, కాదు అని అడిగితే వేలు అలవాటుగా అవును మీద పడుతుంది. 58 అని కొట్టాలంటే ఒక్కసారైనా ఆ సంఖ్యను చదవక తప్పదు.


యారాడ గాలి

క్లస్టర్ కాపరి గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, క్లస్టర్‌షెల్ సంజ్ఞలను ఉన్నవున్నట్టు తెచ్చుకునే ముందు లెక్కింపు క్రమం గురించి ఆలోచించండి. అందులో సంజ్ఞలకు ప్రాధాన్యక్రమం లేదు, ఎడమ నుంచి కుడికి వరుసగా లెక్కిస్తుంది. యాన్సిబుల్ అలా కాదు. ఏ క్రమంలో రాసినా ముందు కలయికలన్నీ, తరువాత ఉమ్మడి భాగాలు, చివరన మినహాయింపులు.

తేడా ఎంతో మీ దుకాణాల మీదే చూద్దాం. గాజువాక ప్రాంతంలో నాలుగు దుకాణాలు ఉన్నాయనుకోండి, అంటే ఎనిమిది పెట్టెలు. ఈ మధ్య తెరిచిన కొత్త దుకాణాలు మూడు, వాటిలో ఒకటి గాజువాకలోనే ఉంది. గాజువాకలో కరెంటు పని జరుగుతోంది, అక్కడ ఏమీ కదపవద్దన్నారు. మీరు '@బిల్!@గాజువాక,@కొత్తవి' అని రాశారు. ఎడమ నుంచి కుడికి లెక్కిస్తే 58లోంచి నాలుగు పోయి 54 మిగులుతాయి. తరువాత కామా దగ్గర కొత్తవి చేరతాయి. అప్పుడు కొత్త దుకాణాల తోడు పెట్టెలు మూడూ, వాటితోపాటు ఇందాక తీసేసిన గాజువాక కొత్త దుకాణం బిల్లింగ్ పెట్టె కూడా వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చేస్తుంది. మొత్తం 58. మీకు బిల్లింగ్ పెట్టెలు ఉన్నవే 58 కనుక ఆ సంఖ్యను చూసి 'సరిపోయింది' అనుకుని టైపు కూడా చేసేస్తారు! మినహాయింపును చివర లెక్కించి ఉంటే 56 వచ్చేవి, గాజువాక పెట్టె ఒక్కటి కూడా వాటిలో ఉండేది కాదు.

వద్దన్నది ఎక్కడ రాసినా వద్దనే అర్థం కావాలి. పెళ్లి భోజనంలో వంకాయ వద్దని చెప్పినవారికి రెండో వడ్డనలో వేస్తే ఊరుకుంటారా? కాబట్టి సంజ్ఞల సంగతి ఎలా ఉన్నా, మినహాయింపును విడి ఆప్షన్‌గా పెట్టి, దానిని అన్నిటికంటే చివర అమలు చేయండి.

ఇంకొకటి కూడా గమనించాలి. ఎంపికలో పేరు తప్పు రాస్తే, ఖాళీ ఎంపికను ఆపే కాపలా దాన్ని పట్టుకుంటుంది. మినహాయింపులో పేరు తప్పు రాస్తే ఏ కాపలా పట్టుకోదు, ఎందుకంటే లేని గుంపును తీసివేస్తే ఉన్నది ఉన్నట్టే మిగులుతుంది. యాన్సిబుల్‌లో హోస్ట్ పేరో గుంపు పేరో కలవకపోతే డిఫాల్టుగా ఒక హెచ్చరిక మాత్రమే వచ్చి పని ముందుకు సాగిపోతుంది. ఆ హెచ్చరిక బదులు ఎర్రర్ చూపి ఆగేలా చేసే సెట్టింగ్ ఉంది కాని ఎంతమంది మారుస్తారు? మీ టూల్‌లో మాత్రం తెలియని గుంపు పేరు ఎటువైపు వచ్చినా అక్కడికక్కడే ఆపేయండి.


కొటేషన్ మర్చిపోయినవాడు

నాది చిన్న విషయమే. పైన ఇద్దరూ చెప్పిన సంజ్ఞలన్నీ మీ టూల్ దగ్గరికి చేరేముందు షెల్ చేతుల్లోంచి వస్తాయి, షెల్‌కు వాటి మీద సొంత అభిప్రాయాలు ఉన్నాయి.

ఆంపర్‌సాండ్ కనబడితే కమాండ్‌ను అక్కడికి తెంచి వెనక నడిపిస్తుంది. ఆశ్చర్యార్థకం కనబడితే, మనం టైపు చేస్తున్న బాష్‌లో, పాత కమాండ్ల చరిత్రలోకి వెళ్లి వెతుకుతుంది. డబుల్ కొటేషన్లు పెట్టినా ఆగదు, సింగిల్ కొటేషన్లే పెట్టాలి. ఈ రెండూ వెంటనే బయటపడతాయి కనుక వాటితో భయం లేదు. భయమంతా చదరపు బ్రాకెట్లతోనే. బాష్ దృష్టిలో బ్యాకప్[1-4] అంటే హోస్టుల పరిధి కాదు, ఇప్పుడున్న డైరెక్టరీలో బ్యాకప్1 నుంచి బ్యాకప్4 వరకు ఏ పేరుతో ఫైళ్లున్నా వాటి జాబితా. అలాంటి ఫైలు ఒక్కటి కూడా లేకపోతే మాటను మార్చకుండా టూల్‌కు ఇచ్చేస్తుంది. అందుకే కొటేషన్లు లేకుండా రాసినా ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది.

నా విషయంలో జరిగింది ఇది. మా టూల్ ఒక్కో హోస్ట్ అవుట్‌పుట్‌ను ఆ హోస్ట్ పేరుతోనే ఫైలుగా దాచేది. ఒకసారి ఆ ఫైళ్లున్న డైరెక్టరీలో నిలబడి ఇలా కొట్టాను:

ఒకేసారి -డబ్ల్యూ బ్యాకప్[1-4] అప్‌టైమ్

(టూల్ పేరు మీదే వాడాను, అర్థం కావడానికి.) నాలుగు ఫైళ్లూ అక్కడే ఉన్నాయి కాబట్టి టూల్‌కు అందింది ఇది:

ఒకేసారి -డబ్ల్యూ బ్యాకప్1 బ్యాకప్2 బ్యాకప్3 బ్యాకప్4 అప్‌టైమ్

అంటే హోస్ట్ బ్యాకప్1 ఒక్కటే. ఆ హోస్ట్ మీద నడపవలసిన కమాండ్ పేరు 'బ్యాకప్2'. అలాంటి కమాండ్ లేదని జవాబు వచ్చింది కనుక బతికిపోయాను. ఆ డైరెక్టరీలో బ్యాకప్3 అనే ఫైలు ఒక్కటే ఉండి ఉంటే కమాండ్ ఏ చప్పుడూ లేకుండా ఒకే హోస్ట్ మీద నడిచి విజయవంతమయ్యేది, మిగిలిన మూడింటి మీద కూడా నడిచిందనే నమ్మకంతో నేను ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. జెడ్‌షెల్ (బాష్ లాంటిదే మరో షెల్) వాడేవారు కొంత అదృష్టవంతులు, ఫైలు కలవకపోతే అది కమాండ్‌నే నడపకుండా పొరపాటు చూపుతుంది. అందువల్ల వారికి కొటేషన్లు పెట్టే అలవాటు మొదటి రోజే పడుతుంది.

నా సూచన ఏమిటంటే హోస్టులను, కమాండ్‌ను విడదీయడానికి మధ్యలో రెండు గీతలు (--) తప్పనిసరి చేయండి. అప్పుడు గీతలకు ముందు అదనపు మాటలు కనబడితే టూల్ ఆగి 'కొటేషన్లు మరిచారా?' అని అడగగలదు. అవుట్‌పుట్ ఫైళ్ల పేర్ల చివర ఏదైనా తోక తగిలిస్తే ఇంకా మంచిది.


భీమిలి పాత కాపు

గుంపులు ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మీరు గుంపుల జాబితాలు రాయకండి, లక్షణాలు రాయండి. పీడీఎస్‌హెచ్‌తో కలిపి వాడే జెండర్స్ అనే ఫైలు పద్ధతి ఇదే. ఒక్కో హోస్ట్‌కు ఒక వరుస ఉంటుంది; ఆ వరుసలో పని=బిల్లింగ్, ప్రాంతం=గాజువాక, దుకాణం=17 అన్నట్టు లక్షణాలు ఉంటాయి. గుంపు అనేది ఆ లక్షణాల మీద వేసే ప్రశ్న మాత్రమే. గుంపుల జాబితాలు విడిగా ఉంటే ఒక దుకాణం మూసినప్పుడు ఆరు చోట్ల దిద్దాలి, ఐదు చోట్ల దిద్ది ఆరోది మరిచిపోతాము. మీ 37 నకళ్లు పుట్టిన కారణం కూడా అదే. ఆస్తుల పట్టిక ఏదైనా డేటాబేస్‌లో ఇప్పటికే ఉంటే ఈ ఫైలును కూడా చేత్తో రాయకుండా అక్కడి నుంచి తయారుచేసుకోండి. క్లస్టర్‌షెల్‌లో గుంపుల సమాచారం కోసం బయటి కమాండ్‌ను పిలిచే ఏర్పాటు ఉన్నది ఇందుకే.

'ఇప్పుడు పలుకుతున్నవి' అనే గుంపు కావాలని మీ వాళ్లు రేపోమాపో అడుగుతారు. దానిని ఎంపిక భాషలోకి రానివ్వకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన తరువాతి రోజుల్లో నేను ఇక్కడే వేరొక చోట పనిచేస్తున్నాను. కరెంటు ఒక్కో పేటకు ఒక్కో రోజు తిరిగి వస్తోంది. ఏ శాఖలో మిషన్లు లేచాయో గంటగంటకూ చూడాలి. మా టూల్‌లో కనెక్షన్ గడువు పెట్టలేదు. జవాబు లేని చిరునామాకు అప్పటి లినక్స్ తన డిఫాల్టు ప్రకారం ఆరుసార్లు మళ్లీ ప్రయత్నించి, సుమారు 127 సెకన్ల తరువాత గాని వదిలేది కాదు. చచ్చిన హోస్టులు 45 ఉండి, విడతకు ఇరవై చొప్పున వెళితే, ఏమీ లేదని తెలుసుకోవడానికే ఆరు నిమిషాలు దాటుతుంది. అంతసేపూ లేచిన మిషన్లు క్యూలో నిలబడి ఉంటాయి. ఎస్‌ఎస్‌హెచ్‌కు కనెక్షన్ గడువు ఐదు సెకన్లు ఇచ్చి, పాస్‌వర్డ్ అడగకుండా బ్యాచ్ పద్ధతిలో నడిపిస్తే ఆ 45 హోస్టులూ పావు నిమిషంలో తేలిపోయేవి.

అప్పుడు మేము చేసిన తప్పు ఇంకొకటి ఉంది. పలుకుతున్నవాటిని అప్పటికప్పుడు లెక్కించి వాటి మీదే కమాండ్ నడిపేవాళ్లం. ఉదయం ఒక జాబితా, మధ్యాహ్నం ఇంకొక జాబితా, రెండిటికీ పేరు ఒకటే. ఏ మిషన్‌కు ఏ మార్పు అందలేదో చివరికి ఎవరికీ తెలియలేదు. కాబట్టి పలకరింపు వేరే పని కావాలి. దాని ఫలితాన్ని తేదీ, గంట కలిపి ఫైలులో దాచాలి. ఎంపిక ఆ ఫైలును పేరు పెట్టి పిలవాలి. మూడింటి మీద ముందుగా పరీక్షించి తక్కినవాటి మీద తరువాత నడపడానికి కూడా ఇదే దారి. యాదృచ్ఛికంగా మూడు ఎంచుకునే ఆప్షన్ క్లస్టర్‌షెల్‌లో ఉంది, మంచిదే, కాని ఎంచుకున్న ఆ మూడు పేర్లూ ఎక్కడైనా రాసి ఉంటేనే గదా 'అవి తప్ప మిగిలినవన్నీ' అని రెండోసారి అనగలరు.

విఫలమైనవాటిని కూడా అలాగే దాచండి, కాని రెండు రకాలుగా దాచండి. ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తాను విఫలమైతే తిరిగి ఇచ్చే సంఖ్య 255. కమాండ్ అక్కడికి వెళ్లి విఫలమైతే ఆ కమాండ్ సంఖ్య వస్తుంది. చేరని హోస్టుల మీద మళ్లీ నడపడం సాధారణంగా క్షేమమే. చేరిన తరువాత సగంలో ఆగిన కమాండ్‌ను కళ్లు మూసుకుని మళ్లీ నడపకూడదు. అవతలి కమాండ్ కూడా 255 ఇచ్చే అవకాశం లేకపోలేదు, కాబట్టి ఆ సంఖ్య వచ్చినవాటిని ఒకసారి చూడండి.

అన్నట్టు, దుకాణాలకు మీరు ఒకే గేట్‌వే సర్వర్ గుండా వెళుతున్నారా? అప్పుడప్పుడు కొన్ని హోస్టులు కారణం లేకుండా తప్పిపోతూ, ప్రతిసారీ వేర్వేరువి తప్పిపోతుంటే, తప్పు వాటిది కాకపోవచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో ఇంకా లాగిన్ పూర్తికాని కనెక్షన్లు పది దాటితే కొత్తవాటిలో 30 శాతాన్ని యాదృచ్ఛికంగా వదిలేయడం డిఫాల్టు. ఆ శాతం పెరుగుతూ పోయి, అలాంటి కనెక్షన్లు వంద అయ్యేసరికి అన్నిటినీ తిరస్కరిస్తుంది. మీ ఇరవై అక్కడ తగులుతుంది.


మద్దిలపాలెం అడ్మిన్

ఇన్ని వివరాలతో జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాల తరువాత రాస్తున్నాను, ఈలోగా చాలావరకు అమలు చేశాము.

పాత కాపు గారూ, గేట్‌వే గురించి మీ ఊహ నిజమైంది. నెలల తరబడి మేము దుకాణాల ఇంటర్నెట్ లైన్లను తిట్టుకుంటున్న పొరపాట్లలో చాలా భాగం అదేనని గేట్‌వే లాగ్‌లో తేలింది. ఆ పరిమితిని పెంచాము, విడత ఇరవైగానే ఉంచాము.

పేర్లను విచ్చడానికీ మడవడానికీ క్లస్టర్‌షెల్ లైబ్రరీనే తీసుకున్నాము. సంజ్ఞలలో మాత్రం కామాను, ఆంపర్‌సాండ్‌ను ఉంచి, ఆశ్చర్యార్థకాన్ని మా టూల్ అంగీకరించకుండా చేశాము. మినహాయింపుకు దారి ఒక్కటే, విడి ఆప్షన్. అది చివరనే అమలవుతుంది. దీనివల్ల కొన్ని చిక్కు ఎంపికలను ఒకే వరుసలో చెప్పలేమని క్లస్టర్ కాపరి గారు అనవచ్చు, నిజమే. అలాంటి ఎంపిక అవసరమైనవారు ముందు జాబితాను ఫైలుగా దాచుకుని, దాని మీద రెండో ఎంపిక చేయాలి. మా జట్టులో ఆరుగురం ఉన్నాము. ఆ భాషను నేర్చుకునేవారు ఇద్దరే, వాడేవారు ఆరుగురూ.

సంఖ్యను టైపు చేయించే పద్ధతి పెట్టాము గాని, యారాడ గాలి గారు చూపిన 58 ఉదాహరణ చదివాక సంఖ్యకు ముందు పనివారీగా విడదీసి చూపిస్తున్నాము. ఆ ఉదాహరణనే పరీక్షగా పెట్టి, మినహాయింపు కాపలాను తాత్కాలికంగా తీసి నడిపిస్తే తెర మీద ఇలా వచ్చింది: 'బిల్లింగ్ 55, తోడు 3, మొత్తం 58'. తోడు అన్న మాట కనబడగానే మా కొత్త సహోద్యోగి ఆగి, ఇది సరికాదన్నారు.

పేరు తప్పు రాస్తే ఆపడంతోపాటు దగ్గరి పేరును కూడా సూచిస్తున్నాము. పైథాన్‌తో వచ్చే డిఫ్‌లిబ్‌లో దానికి ఫంక్షన్ సిద్ధంగానే ఉంది, మూడు వరుసల పని. ఆ శనివారం నాటి తప్పు స్పెల్లింగ్ నమోదులో అలాగే ఉంది కనుక దాన్నే తీసి ఇచ్చి చూశాను. 'అలాంటి ప్రాంతం లేదు. గోపాలపట్నమా?' అని అడిగి ఆగింది.

37 నకళ్లలో 36 చెరిపేశాము. మిగిలిన ఒకటి 'ఇదే సరైనది'. లక్షణాల ఫైలుతో పోల్చితే అందులో మా పట్టికలో లేని హోస్ట్ ఒకటి కనబడింది, పేరు డేటా09. ఎస్‌ఎస్‌హెచ్‌కు పలుకుతోంది, నడుస్తున్న రోజులు చూస్తే 611. అది ఏ గదిలో ఉందో ఇంకా వెతుకుతున్నాము.